జర్రా నుంచి నక్షత్రం దాకా
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ బడి మాస్టారుకు కణ భౌతికశాస్త్రంతో పనేమిటని కొందరికి తోచవచ్చు. కాని మనం రోజూ వాడే ‘జర్రా’ అన్న మాటలోనే ఈ శాస్త్రముంది. పదార్థాన్ని విడగొట్టుకుంటూ పోతే చివరకు మిగిలేదేమిటి? ఆ మిగిలినవాటిని పట్టి ఉంచే బలాలేవి? ఈ రెండే దాని ప్రశ్నలు.

పరమాణువుల నడుమ ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోవడం రసాయనశాస్త్రం వంతు. కేంద్రకంలోని ప్రోటాన్ల, న్యూట్రాన్ల లెక్క కేంద్రక భౌతికశాస్త్రానిది. ప్రోటాన్ లోపలి క్వార్కుల సంగతి కణ భౌతికశాస్త్రానిది. ఇవి పక్కపక్క మడుల వంటివి. గట్లున్నాయి గాని, నీరు ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి పారుతూనే ఉంటుంది.

మన కడప జిల్లా తుమ్మలపల్లె చూడండి. అక్కడ 2012లో యురేనియం గని ప్రారంభమైంది. యురేనియం మెట్టుమెట్టుగా మారి చివరకు సీసమవుతుంది. ఎంత సీసమైందో లెక్కగట్టి భూగర్భశాస్త్రజ్ఞులు రాళ్ళ వయసు చెబుతారు. ఆ మార్పులలో కొన్నింటిని నడిపేది ‘బలహీన బలం’. అదీ, ఇంట్లో బల్బు వెలిగించే విద్యుదయస్కాంత బలమూ మూలంలో ఒక్కటేనన్న సిద్ధాంతానికే అబ్దుస్ సలాం, గ్లాషో, వైన్‌బర్గ్‌లకు 1979లో నోబెల్ బహుమతి వచ్చింది.

చిత్తూరు జిల్లా దాటితే కోలారు బంగారు గనులు. అక్కడ 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో, టాటా ఇన్‌స్టిట్యూట్ వారు జపాన్, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలిసి న్యూట్రినోల జాడ పట్టారు. అంత లోతెందుకు? ఆకాశం నుంచి కురిసే తక్కిన కణాలను రాయి ఆపేస్తుంది, న్యూట్రినో ఒక్కటే దూరి వస్తుంది. జల్లెడ పట్టడమే గదా! సలాం, మన ఒడిశా బిడ్డ జోగేశ్ పతి కలిసి ప్రోటాన్ కూడా ఏనాటికో క్షయిస్తుందని ఊహించారు. దానికోసం 1980లలో అదే గనిలో 140 టన్నుల ఇనుప పరికరం పెట్టి కాచుకున్నారు. ఆ క్షయం ఇప్పటికీ రుజువు కాలేదు. కాని దానికోసమే జపాన్‌లో కట్టిన నీటి తొట్టి, 1987లో కనిపించిన నక్షత్ర విస్ఫోటనం తాలూకు న్యూట్రినోలను పట్టింది. జర్రాను వెదకబోతే నక్షత్రం కబురు తెలిసింది. ఆసుపత్రిలో క్యాన్సర్ జాడ తీసే పెట్ స్కాన్ కూడా పాజిట్రాన్ అనే కణం చలవే.

ఇదంతా ఎందుకు చెప్పామంటే, మా బడిలో లెక్కల్లో చురుకైన పిల్లలు పది కాగానే సైన్సు వదిలేస్తున్నారు. “ఇంగ్లీషు రాదు, మనకెందుకు మాస్టారూ” అని తండ్రులంటే మేమూ ఒక ఏడు సరేనని ఊరుకున్నాము. ఆ ఏడు లెక్కల్లో అందరికంటే ముందున్న అమ్మాయి ఇప్పుడు కుట్టుమిషను ముందు కూర్చుంది. కుట్టుపని తక్కువని కాదు. అడగకుండానే ఆమె దారి మూసేశాము. ఆ తప్పులో మాకూ పాలుంది.

అందుకని సంఘానికి ఒక్క మనవి. పది పరీక్షలయ్యాక వేసవి రెండు నెలలు, మన హాలులోనే, ఉర్దూలో నేర్చిన సైన్సు మాటలను ఇంగ్లీషులో నేర్పే క్లాసు పెట్టండి. జీతం లేకుండా చెప్పడానికి మేము సిద్ధం. పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, పంపడం మీ వంతు.