గాలివానకు ముందే

సముద్రతీరవాసులమైన మనకు 1977 నవంబరు 19వ తేదీ మరపునకు రానిది. ఆనాడు దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి దాదాపు పదివేల మందిని పొట్టన బెట్టుకొన్నది. ఇట్టి విపత్తులయందు లూథరన్ సంఘములు జనులకు ఏ రీతిగా తోడ్పడుచున్నవో నేడు ముచ్చటించుకొందము.

లూథరన్ సంఘము తెలుగువారికి క్రొత్తది కాదు. 1842లో హేయర్ దొర గుంటూరు చేరిన పిమ్మట వెలసిన దాని బడులను, ఆసుపత్రులను మనమెరుగుదుము. పలు దేశముల లూథరన్ సంఘములు 1947లో స్వీడను దేశపు లుండ్ నగరమున కూడి ప్రపంచ సమాఖ్యగా ఏర్పడినవి. మహాయుద్ధము ముగిసిన ఆ దినములలో లూథరనులలో ఆరుగురికి ఒకరు ఇల్లు వాకిలి కోల్పోయినవారే. నిలువ నీడ లేకపోవుట ఎట్టిదో వారెరుగుదురు. కనుకనే బాధితుల అవసరమును విచారించుటయే గాని మతమును విచారింపరాదని నియమము పెట్టుకొనిరి.

1971లో తూర్పు బెంగాలు నుండి కోటిమంది వరకు శరణార్థులు మన దేశమునకు రాగా, ఈ సమాఖ్య కూచ్ బిహారు ప్రాంతమున వారికి సేవ చేసినది. మరుసటి యేడు వారు స్వదేశమునకు మరలినపుడు రంగపూరు, దినాజ్‌పూరు జిల్లాలలో వారి పునరావాసమునకై ఒక సేవాసంస్థను నెలకొల్పినది. అది తీస్తా, బ్రహ్మపుత్రల వరదలకు నెలవైన సీమ. అచ్చట ఇల్లు కట్టి యిచ్చినంత మాత్రమున చాలదు. ఇంటి నేలను మెరక చేయవలెను. గొట్టపు బావిని వరద నీటికి అందనంత ఎత్తున నిలుపవలెను. లేనిచో ఈ యేటి సాయము వచ్చే యేటి వరదపాలగును.

ముందు జాగ్రత్త విలువ ఒడిశా తీరము చెప్పును. 1999 అక్టోబరు పెనుతుపానులో అచ్చట సుమారు పదివేల మంది మరణించిరి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను రాకమునుపే లక్షలాది ప్రజలను తరలించుటచే మృతుల సంఖ్య పదులలో నిలిచినది.

తరలించు బాధ్యత ప్రధానముగా ప్రభుత్వమునది. కాని హెచ్చరిక విన్నవారందరును కదలరు. గొడ్డును, గిన్నెను విడువలేక తటపటాయింతురు. ఎరిగిన మనిషి వచ్చి పిలిచిననే గడప దాటుదురు. ఊరిలో నిత్యము మెలగు పాదిరి, పంతులమ్మ, నర్సు వంటివారి వలన ప్రయోజనమిదియే. తుపాను ఆశ్రయ భవనము సైతము ప్రతిదినము బడిగా నడచుచుండవలెను. ఏడాది పొడుగున మూసియున్న భవనమునకు అవసరమైన రాత్రి తాళపుచెవి దొరకదు.

ఇంట రేడియో గల మనకును ఇందు పాలు కలదు. మన పేటలో ఒంటరి ముసలివారెవరు, నిండు చూలాలెవరు, వారిని ఎత్తైన చోటికి చేర్చువారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము ఆకాశము నిర్మలముగా ఉన్నపుడే కుదుర్చుకొనవలెను.