కాఫీ ఒక వ్యాసంగం

మన ఇండ్లలో తెల్లవారినదీ లేనిదీ తూర్పుదిక్కు చూసి కాక, వంటింటివైపు చూసి తెలుసుకొనేవారే ఎక్కువ. కాఫీ గ్లాసు చేతికి వచ్చేదాకా వార్తాపత్రిక తెరవబుద్ధి కాదు, నోట మాట పెగలదు. కాఫీ ఒక పూట ఆలస్యమైతే తలనొప్పి. రెండు పూటలు లేకపోతే కలహం. “నాకు కాఫీ అంటే ప్రాణమండీ” అని చెప్పుకొనని గృహస్థు అరుదు.

అటువంటి కాఫీ ప్రియుణ్ణి నాలుగు చిన్న ప్రశ్నలు అడిగి చూడండి. మీరు త్రాగే కాఫీ ఏ కొండలలో పండినది? అది ఏ జాతి గింజ? దానిని వేయించి ఎన్నాళ్ళయినది? మీ పొడిలో చికోరీ ఎంత? ఒక్క ప్రశ్నకైనా సమాధానం వస్తే అదృష్టమే. మామిడిపండు విషయంలో మనం ఇంత ఉదాసీనంగా ఉండము. బంగినపల్లికీ, చిన్నరసానికీ, సువర్ణరేఖకూ తేడా చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. చెట్టున పండినదో, గడ్డిలో మాగినదో పెద్దలు వాసన చూసి చెబుతారు. ఏటా రెండు మూడు నెలలు మాత్రమే వచ్చే పండుమీద ఉన్న శ్రద్ధ, ఏడాదికి ఏడువందల సార్లు త్రాగే కాఫీమీద లేకపోవడం విచిత్రం.

ఇందులో మరొక విచిత్రం కూడా ఉన్నది. చాలా ఇండ్లలో కాఫీని ప్రేమించేవారు ఒకరు, కాచేవారు మరొకరు. చీకటితో లేచి నీళ్ళు కాచి, డికాక్షన్ వేసి, పాలు పొంగకుండా కాపలా కాసి, అందరికీ అందించిన గృహిణి తన వంతు కాఫీ చల్లారిన తరువాతనే త్రాగుతుంది. “ఈరోజు పలుచనైనదే” అనే విమర్శ మాత్రం వేడిగానే వినవలసి వస్తుంది. కాఫీమీద నిజమైన మక్కువ కలవారు దానిని ఒక వ్యాసంగంగా స్వీకరించవలెనని నేను కోరడానికి ఇది మొదటి కారణం. వ్యాసంగమంటే విమర్శించే స్థానం వదలి, చేసే స్థానంలో కూర్చొనడం. వీణ నేర్చుకోదలచినవాడు వీణ ముందు కూర్చోవలె. కాఫీ నేర్చుకోదలచినవాడు పొయ్యి దగ్గర నిలబడవలె.

మొదట గింజను గురించి నాలుగు మాటలు. కాఫీ చెట్టు పుట్టినిల్లు ఇథియోపియా. అక్కడి నుండి ఎర్రసముద్రం దాటి యెమెన్ చేరినది. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు మక్కా యాత్ర నుండి తిరిగి వస్తూ, యెమెన్ నుండి ఏడు గింజలు దాచి తెచ్చి, నేటి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండలలో నాటినాడని ఐతిహ్యం. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే ఉన్నది. మన దేశంలో పండే కాఫీలో ప్రధానంగా రెండు జాతులు: అరబికా, రోబస్టా. అరబికా ఎత్తైన చల్లని కొండలను కోరుతుంది. దాని రుచి మృదువు, సువాసన అధికం. రోబస్టా మొండి చెట్టు, తెగుళ్ళను బాగా తట్టుకొంటుంది. దాని కషాయం చిక్కన, చేదు. అరబికాతో పోలిస్తే దానిలో కెఫీన్ కూడా దాదాపు రెట్టింపు.

మన తూర్పు కనుమలలో పండేది ఎక్కువగా అరబికాయే. అరకు, అనంతగిరి, పాడేరు ప్రాంతాలలో గిరిజన రైతులు చిన్న చిన్న కమతాలలో, సిల్వర్ ఓక్ చెట్ల నీడన దీనిని పెంచుతున్నారు. ఆ చెట్లకే మిరియపు తీగలు ప్రాకిస్తారు. 2019లో “అరకు లోయ అరబికా” కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ ఏడాదే కొడగు, చిక్కమగళూరు, బాబా బుడన్ గిరి అరబికాలకూ, వయనాడు రోబస్టాకూ ఆ గౌరవం దక్కినది. కనుక గింజ కొనేటప్పుడు జాతి, ఊరు అడగడం నేడు సాధ్యమే. అలా అడగడమే ఈ వ్యాసంగానికి ఓనమాలు.

ఇక పని లోకి వద్దాము. మొదటి మెట్టు, పొడి కొనడం మాని వేయించిన గింజలు కొనడం. ఒక చేతిమర సంపాదించడం. కాఫీకి ప్రాణమైన సువాసన త్వరగా ఎగిరిపోయే స్వభావం కలది. గింజగా ఉన్నంతకాలం అది కొంతవరకు భద్రంగా ఉంటుంది. పొడి చేసిన క్షణం నుండి గాలి తగిలే వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది, వాసన పోవడం మొదలవుతుంది. ఇంగువ డబ్బా మూత తీసి ఉంచితే ఏమవుతుందో మనకు తెలుసును. ఏ పూటకు ఆ పూట ఆడించుకొన్న పొడితో వేసిన డికాక్షన్, నెల క్రిందటి పొడితో వేసిన డికాక్షన్ ప్రక్క ప్రక్కన పెట్టి చూడండి. ఇంతకన్న వేరే ఉపన్యాసం అవసరం ఉండదు.

రెండవ మెట్టు, గింజలు ఇంట్లో వేయించడం. ఒకప్పుడు మన ఇండ్లలో ఇది మామూలు పనియే. వీధి మలుపులోనే ఆ కమ్మని వాసన ఎదురు వచ్చేది. మందమైన ఇనుప మూకుడులో 100 గ్రాముల పచ్చి గింజలు వేసి, మధ్యరకం మంటమీద ఎడతెగకుండా కలుపుతూ ఉండవలెను. గింజ ముందు పసుపు రంగుకు తిరుగుతుంది, పచ్చిగడ్డి వాసన పోయి రొట్టె కాలిన వాసన వస్తుంది. తరువాత గోధుమరంగు వస్తుంది. గింజ లోపలి వేడి దాదాపు 200 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరినప్పుడు పేలాలు వేగినట్లు చిటపటమని శబ్దం వినిపిస్తుంది. గింజలోని ఆవిరి, వాయువులు దానిని ఉబ్బించి చీల్చిన శబ్దమది. ఆ చిటపటలు సద్దుమణిగిన కొద్దిసేపటికి దించితే మృదువైన వేపుడు. ఇంకా ఉంచితే రెండవసారి సన్నని చిటపటలు మొదలై, నూనె పైకి తేలి, చేదు హెచ్చుతుంది. ఈ రెండు శబ్దాల నడుమ ఉన్న రెండు మూడు నిమిషాలలోనే కాఫీ భవిష్యత్తు తేలిపోతుంది. పొగ వస్తుంది గనుక కిటికీలు తెరచి ఉంచవలెను. పొయ్యి వదలి పోరాదు. దించగానే చేటలో పోసి చెరిగితే పొట్టు పోతుంది, గింజ త్వరగా చల్లారుతుంది. అప్పుడు తూచి చూడండి. 100 గ్రాములు పెట్టినచోట 85 గ్రాములకు అటూ ఇటూగా మిగులుతుంది. ఒక రోజు ఆగి వాడితే, గింజలో చిక్కిన బొగ్గుపులుసు వాయువు కొంత విడిచిపోయి రుచి కుదురుకొంటుంది.

మూడవది డికాక్షన్. మన ఫిల్టరును మించిన పరికరం కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. పైగిన్నె అడుగున సన్నని రంధ్రాలు, పొడిమీద అదిమే బిళ్ళ, క్రింద కషాయం పట్టే గిన్నె, ఇంతే. 20 గ్రాముల పొడికి 150 మిల్లీలీటర్ల నీటితో మొదలుపెట్టండి. తెర్లిన నీటిని దించి, అరనిమిషం ఆగి పోయండి. నీరు పొడిలో నుండి రుచులను ఒక వరుసలో లాగుతుంది: ముందు పులుపు, తరువాత తీపి, చివర చేదు, వగరు. పొడి మరీ బరకగా ఉంటే నీరు గబగబ దిగిపోయి, పలుచని పుల్లని డికాక్షన్ వస్తుంది. మరీ మెత్తగా ఉంటే చుక్క దిగడానికి యుగం పట్టి, చేదంతా క్రిందికి వస్తుంది. “ఈరోజు కాఫీ కుదరలేదు” అనే మాటకు వెనుక తరచుగా ఉండేది ఈ కారణమే. కాచినవారి చేతి దోషం కాదు, మరలోని మర సర్దుబాటు.

కాఫీ వ్యాసంగానికి ఒక నోటుపుస్తకం తప్పనిసరి. తేదీ, గింజ ఊరు, వేయించిన కాలం, పొడి తూకం, నీటి కొలత, డికాక్షన్ దిగిన నిమిషాలు, రుచి, ఇవి ఒక్కొక్క వరుసలో వ్రాయండి. నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క అంశమే మార్చవలె. గింజా మార్చి, పొడీ మార్చి, నీరూ మార్చితే ఏది ఏమి చేసినదో బ్రహ్మదేవునికి కూడా తెలియదు. ఇంటిలోని పెద్దపిల్లలు తూకాలు, శాతాలు లెక్కకట్టి పెడతారు. విజ్ఞానశాస్త్రంలో ప్రయోగమంటే ఏమిటో ఇంతకన్న సులభంగా తెలియజెప్పే సాధనం ఇంట్లో మరొకటి లేదు.

చికోరీ సంగతి కూడా ఇలాగే పరీక్షించవచ్చును. చికోరీ అనేది ఒక మొక్క వేరు. దానిని వేయించి పొడి చేస్తారు. రంగు, చిక్కదనం ఇస్తుంది, కెఫీన్ ఉండదు. మన దేశపు నియమాల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు, ఆ పాళ్ళు పొట్లంమీద ముద్రించవలెను. అంటే సగానికి కొంచెం తక్కువ దాకా చికోరీ ఉండవచ్చునన్నమాట! చికోరీ లేనిది ఒకటి, 15 శాతం కలిపినది ఒకటి, 30 శాతం కలిపినది ఒకటి, మూడు గ్లాసులు చేసి, ఏది ఏదో చెప్పక ఇంటిల్లపాదికీ రుచి చూపండి. “చికోరీ ఉంటే నోట పెట్టలేను” అనే బాబయ్యగారు 15 శాతపు గ్లాసునే మెచ్చుకోవచ్చు. అందులో సిగ్గుపడవలసినది లేదు. మన నాలుకకు ఏది ఇష్టమో మనకు తెలియడమే లాభం.

ఈ వ్యాసంగంలో మితం కూడా ఒక భాగం. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు, గర్భిణీ స్త్రీలకు 200 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ హాని చేయదని 2015లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ నిర్ణయించినది. శరీరంలో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంకాలం పొద్దుపోయి త్రాగిన కాఫీ అర్ధరాత్రి దాకా కాపలా కాయడం ఇందువల్లనే. శ్రద్ధతో చేసిన రెండు గ్లాసులు త్రాగేవారికి, అలవాటుగా పోసుకొన్న ఆరు గ్లాసులు అక్కరకు రావు.

వీలైనప్పుడు ఒకసారి విశాఖపట్టణం నుండి రైలులో అరకు వెళ్ళి, కాఫీ తోట చూసి రండి. వేసవి తొలి జల్లులకు తెల్లని పూలు పూచి, కొద్ది రోజులు మల్లెతోట వలె పరిమళిస్తుంది. చలికాలంలో కాయ ఎర్రబడుతుంది. ఒకే గుత్తిలో పచ్చికాయ, పండుకాయ కలిసి ఉంటాయి. పండినదానినే ఏరి కోయవలెను. ఒక కిలో పచ్చి గింజలు కావలెనంటే ఐదారు కిలోల పండ్లు కోయవలెను. ఆ పైన తొక్క తీయడం, పులియబెట్టడం, కడగడం, ఎండబెట్టడం. ఆ ఏరిన చేతులలో స్త్రీల చేతులు ఎన్నో! కొండమీద ఒకరు, వంటింటిలో ఒకరు, ఇద్దరి శ్రమ మన గ్లాసులో ఉన్నది. అది ఎరిగినవారు ఊరు పేరు అడిగి కొంటారు, మంచి గింజకు మంచి ధర ఇవ్వడానికి వెనుకాడరు, గ్లాసులో సగం వదలి లేవరు.

పెద్ద ఖర్చు లేదు, పెద్ద యంత్రాలు లేవు. పావుకిలో గింజలు, ఒక చేతిమర, ఇంట్లో ఉన్న ఫిల్టరు, ఒక నోటుపుస్తకం చాలును. వచ్చే ఆదివారం ఉదయం అందరికన్న ముందు మీరు లేవండి. డికాక్షన్ మీరే వేయండి. మొదటి గ్లాసు, ఇన్నేళ్ళుగా చివరి గ్లాసు త్రాగుతున్నవారి చేతికి వేడివేడిగా అందించి, ఎలా ఉన్నదో అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు పుస్తకంలో వ్రాసుకొనండి.