పెద్దవాళ్లను ఎక్కడ ఉంచాలి?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను మాట్లాడబోయేది మన ఇళ్లలో ఎవరూ గట్టిగా ఎత్తని విషయం. పిల్లలు హైదరాబాదులోనో గల్ఫులోనో ఉంటారు. పరకాలలో ముసలి తల్లి ఒంటరిగా ఉంటుంది. నలుగురూ ఏమనుకుంటారో అని కొందరు ఆమెను అలాగే వదిలేస్తారు. మరికొందరు తొందరపడి దొరికిన చోట చేర్చేస్తారు. నేను ఈ రెండో తప్పు చేసినవాణ్ణి.

నన్ను పెంచింది మా ఖాలా. ఆమెకు సంతానం లేదు. తుంటి ఎముక విరిగాక హైదరాబాదులో ఒక వృద్ధాశ్రమంలో చేర్చాను. తోట బాగుంది, గచ్చు అద్దంలా ఉంది. ఫోను చేసి ఆదివారాలు వెళ్లేవాణ్ణి. "అంతా బాగుంది బేటా" అనేది. ఒకరోజు పనిమీద వెళ్లి, చెప్పకుండా రాత్రిపూట చూడబోయాను. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అసర్ నమాజు తర్వాత ఆమె నీళ్లు తాగడం మానేసిందట. రాత్రి మరుగుదొడ్డికి తీసుకుపోవడానికి పిలిస్తే ఎవరూ రారు గనుక!

అందుకే మీకు నా మనవి. తోట చూడకండి, రాత్రి చూడండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది, ఎంతమంది వృద్ధులకు? మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా? మందులు ఎప్పుడిచ్చిందీ రాస్తున్నారా? చాలా ఆశ్రమాలు నడవగలిగేవారినే ఉంచుకుంటాయి. మంచం పట్టితే ఏం చేస్తారో ముందే అడగండి. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకుంటే ఒళ్లు పుండ్లు పడుతుంది. కట్టిన డిపాజిట్టు ఎప్పుడు తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. వజూకు వీలుందా, హలాల్ భోజనం పెడతారా, జనాజా ఏర్పాటుకు ఎవరికి కబురు చేస్తారు అన్నవి కూడా అడగవలసినవే. మతిమరుపు ముదిరినవాళ్లు చాలాసార్లు చిన్ననాటి భాషకే తిరిగిపోతారు. ఉర్దూ తెలిసిన మనిషి అక్కడ ఒకరైనా ఉండాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం 60 ఏళ్లు దాటినవారు తమను తాము పోషించుకోలేకపోతే ట్రిబ్యునలును ఆశ్రయించి పోషణ ఖర్చు కోరవచ్చు. సంతానం లేనివారి విషయంలో, వారి ఆస్తిని అనుభవిస్తున్న లేదా పొందబోయే బంధువుదే ఆ బాధ్యత. ఆస్తి రాసిచ్చేటప్పుడు "నన్ను చూసుకోవాలి" అన్న షరతు దస్తావేజులో ఉండాలి. అది తప్పితే దస్తావేజు రద్దు చేయమని కోరవచ్చు. సహాయానికి 14567 నంబరుకు ఫోను చేయవచ్చు.

రెండోసారి నేను ఖాలానే వెంట తీసుకుని వెళ్లాను. హనుమకొండలో ఒక చిన్న ఇల్లు, తోటా లేదు, ఏమీ లేదు. అక్కడి ఆయాతో ఆమె పదినిమిషాలు మాట్లాడి, "ఇక్కడుంటా" అంది. పరకాల నుంచి బస్సెక్కితే సాయంత్రానికల్లా చూసి రావచ్చు. రాత్రి చెంబు నిండా నీళ్లు తాగేది. చివరిదాకా అక్కడే ఉంది.

సంఘానికి ఒక్క విన్నపం. మనవాళ్లు ఎవరు ఏ ఆశ్రమంలో ఉన్నా, నెలకోసారి ఇద్దరు సభ్యులు చెప్పకుండా వెళ్లి చూసి రావాలి. మొదటి నెల నేను వెళ్తాను. నాతో వచ్చేవారు సభ ముగిశాక పేరు ఇవ్వండి.