గ్రామ సంఘములు - బాటల భద్రత
(వార్షిక మహాసభ యందు చదివిన యుపన్యాసము)



ఈ వేదికపై విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు పెద్దలు విపులముగా మాటాడిరి. మాకు నియమింపబడిన విషయము వానివలె మనోహరమైనది కాదు. గ్రామవాసులందరు ఒక సంఘముగా నేర్పడి తమ యూరి మేలు కొరకును, ముఖ్యముగా తమ యూరి మీదుగా పోవు బాటలపై ప్రాణరక్షణ కొరకును ఎట్లు పాటుపడవలెనో చెప్పుటకై మమ్ము నియోగించిరి. కులసభలో రోడ్ల ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. బాటకు కులము లేదు గదా యని వారి శంక. ఆ కారణము చేతనే ఈ ప్రసంగమిచ్చట జరుగవలెనని మా యభిప్రాయము. ఇది మన సంఘము చేయగల పనియే. కాని మన సంఘమొక్కటియే చేయజాలని పని.

పల్నాడు మొన్నమొన్నటి వరకు మెట్టసీమ. 1955 డిసెంబరు 10వ తేదిని నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీటితో వరి, ప్రత్తి, మిరప విస్తరించినవి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల ప్రాంతముల సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారములు వేలాదిమందికి జీవనోపాధి కల్పించినవి. సరకు పెరిగినది గనుక లారీలు పెరిగినవి. అద్దంకి నుండి నార్కెట్‌పల్లికి పోవు మార్గము మన సీమ నడుమ నుండి నాలుగు వరుసల రహదారియైనది. 2022 ఏప్రిల్ 4వ తేదిని నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా యేర్పడినది. ఇవన్నియు సంతోషింపదగినవే. కాని పూర్వము బండ్లు నడచిన బాటపై నేడు గంటకు నూరు కిలోమీటర్ల వేగముతో వాహనములు పోవుచుండగా, ఆ ప్రక్కనే మన గేదెలు, మన బడిపిల్లలు, దీపము లేని మన ట్రాక్టర్లు పూర్వమువలెనే నడచుచున్నవి. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

జరిగిన సంగతులను కొన్నిటిని జ్ఞాపకము చేయుదుము. 2022 మే 29వ తేది రాత్రి శ్రీశైలయాత్ర ముగించుకొని ఒక చిన్న సరకుబండిలో తిరిగివచ్చుచున్న ముప్పదిమందికి పైబడిన జనము, తమ స్వగ్రామమగు రెంటచింతల చేరువకు వచ్చి, నిలిచియున్న లారీని ఢీకొనిరి. ఆరుగురు మృతులైరని నాటి పత్రికలు వ్రాసినవి. 2023 మే 17వ తేది యుదయమున నల్లగొండ జిల్లా దామరచర్ల ప్రాంతమునుండి గురజాల వైపు మిరపపనికి ఇరువదిమందికి పైగా కూలీలను తీసికొని వచ్చుచున్న ఆటో దాచేపల్లి మండలము పొందుగుల వద్ద ప్రమాదమునకు లోనై ఐదుగురు స్త్రీలు ప్రాణములు కోల్పోయిరి. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలమున మిరపకూలీలు ఎక్కిన ట్రాక్టరు బోల్తాపడి నలుగురు స్త్రీలు మరణించిరి. దేశమంతట 2022 సంవత్సరమున రహదారులపై మరణించినవారు 1,68,491 మంది. అనగా దినమునకు నాలుగువందల అరువదిమందికి పైమాటే.

ఈ మూటిలో రెండు మిరపపంటతో ముడివడినవి. ఈ సభలో మిరప పండించు రైతులు పలువురున్నారు గనుక ఈ విషయము కొంచెము విస్తరించి చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాము. కోతల కాలమున కూలీల కొరకు ఎంత తొందర కలుగునో పండించువారికి తెలియును. కాయ పండినది, ఎండుచున్నది, ధర నేడున్నట్లు రేపుండదు. మేస్త్రితో మాటాడి పదిమంది కావలెనన్నచో ఇరువదిమంది వత్తురు. వారందరు ఒక్క ఆటోలో వత్తురు. పలుచోట్ల ఆ కిరాయి భారము రైతుదే. ఒక ఆటోకు బదులు రెండాటోల కిరాయి యిచ్చినచో ఎకరము కోతఖర్చులో ఎంత పెరుగునో రైతులే లెక్కవేసి చూడవలెను. తెల్లవారుజాము చీకటిలోగాక వెలుగు వచ్చిన పిదప బయలుదేరుడని మేస్త్రికి చెప్పుటకు పైకము అక్కరలేదు. ప్రభుత్వము రోడ్డు వేయగలదు, పోలీసువారు జరిమానా వేయగలరు. కాని తోటయజమాని నోటిమాటకున్న బలము ఆ రెంటికిని లేదు. దాతలు మన్నింతురు గాక! సత్రమునకు గది కట్టించిన పుణ్యమునకు ఇది యేమాత్రము తీసిపోదు.

ఇక గ్రామ సంఘము మాట. ప్రమాదము జరిగిన నాడు ఊరంతయు రోడ్డుపై కూర్చుండుట, అధికారి వచ్చి మాట యిచ్చుట, మూడవనాటికి అందరు మరచుట పరిపాటి. కొన్ని యూళ్ళలో ఆ రాత్రియే మట్టియో కంకరయో పోసి అడ్డుకట్ట వేయుదురు. ఇది కడు ప్రమాదకరము. వేగనిరోధకమునకు నియమమున్నది: ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు మూడున్నర మీటర్లకు పైగా, దానిపై తెల్లచారలు, కొంతదూరమున హెచ్చరిక పలక. ఈ గుర్తులేవియు లేని మట్టిగట్టు చీకటిలో మోటారుసైకిలు వానిని చంపును. జాతీయ రహదారులపై సామాన్యముగా వీనిని అనుమతింపరు. అచ్చట గరుకుపట్టీలు, దీపములు, ప్రక్కబాట అడుగవలెను.

అడుగుట యెవరిని? తొలుత తెలిసికొనవలసినది ఆ బాట యెవరిదని. ఊరివీధి పంచాయతీది. ఊరినుండి ఊరికి పోవునది పంచాయతీరాజు ఇంజనీర్లదో, రోడ్లు భవనముల శాఖదో కావచ్చును. గుంటూరునుండి నరసరావుపేట, వినుకొండల మీదుగా అనంతపురము పోవునది జాతీయ రహదారి. ఒకరి బాటకు మరియొకరికి అర్జీ పెట్టినచో ఆ కాగితము ఆఫీసులు తిరుగుచుండును, ఊరివారు దాని వెనుక తిరుగుచుందురు. ఈ తిరుగుటతోనే చాల సంఘములు అలసి నశించినవి.

కావున సంఘమునకు ముఖ్యమైన ఆయుధము ఒక పుస్తకము. ప్రమాదము జరిగిన తేది, వేళ, మైలురాయి, వాహనము, గాయపడినవారెందరు, అప్పుడు దీపమున్నదా లేదా - ఇంతమాత్రము వ్రాసిన చాలును. బడిలో పదవతరగతి చదువు బాలిక యైనను వ్రాయగలదు. దీని ప్రయోజనమేమనగా, ఐదువందల మీటర్ల పొడవున మూడేండ్లలో మరణములు గాని తీవ్రగాయములు గాని కలిగిన ప్రమాదములు ఐదు జరిగినచో, లేక పదిమంది మరణించినచో, ఆ చోటును బ్లాక్ స్పాట్‌గా గుర్తించి సరిదిద్దవలెనని నిబంధన కలదు. జిల్లా కలెక్టరు అధ్యక్షతను రహదారి భద్రతా సంఘమున్నది. కన్నీటితో వ్రాసిన అర్జీకన్న తేదీలతో వ్రాసిన అర్జీకి అచ్చట విలువ హెచ్చు. సమాధానము రానిచో 2005 నాటి సమాచారహక్కు చట్టమున్నది. గ్రామసభలో తీర్మానించుటకు 1994 నాటి పంచాయతీరాజు చట్టమున్నది.

ఇంకొక చట్టమును అందరకు తెలుపవలెను. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినచో కోర్టుల చుట్టు తిరుగవలసివచ్చునని భయపడి ప్రక్కకు తొలగిపోవువారు నేటికిని కలరు. 2019లో మోటారువాహనముల చట్టమునకు చేసిన సవరణచే, సద్బుద్ధితో సాయపడినవారికి రక్షణ కలిగినది. పేరు చెప్పుమని వారిని నిర్బంధింపరాదు. 108కి ఫోను చేసి, బండి వచ్చువరకు రక్తము కారకుండ అదిమి పట్టుట నేర్చినవారు ఊరికి పదిమందియున్న చాలును.

పల్నాటిలో ఏ సంఘమునకైనను ఒక గండమున్నది. దానిని దాచుట తగదు. అది కక్షల గండము. 2024 మే ఎన్నికల పిమ్మట ఈ జిల్లాలో 144వ సెక్షను విధింపవలసి వచ్చినది. ఒక పక్షమువారే సంతకము చేసిన అర్జీ రెండవ పక్షము వారి చేతికి అధికారము రాగానే చెత్తబుట్ట చేరును. పార్టీవారి ఇంట సభ జరిగినచో ఊరిలో సగము రాదు. కావున బడిలోనో, గ్రంథాలయములోనో కూడవలెను. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులములను ఒక్క చాపపై కూర్చుండబెట్టెనని మన వీరగాథ చెప్పుచున్నది. కారెంపూడిలో నేటికిని ఆ వేడుక జరుపుకొనుచున్నాము. కూలిజనము, లారీ డ్రైవర్లు, ఆటోవారు లేని సంఘము ఆ చాప అంచును పట్టుకొన్నట్లే గాని దానిపై కూర్చున్నట్లు గాదు. ప్రమాదమెచ్చట జరుగునో వారికి తెలిసినట్లు మనకు తెలియదు.

మనకు కలిసి పనిచేయుట చేతగాదనువారు శివరాత్రికి కోటప్పకొండ చూడవలెను. ఆకాశమునంటు ప్రభలను ఊళ్ళనుండి కొండవరకు నడిపింతురు. మలుపెచ్చట, తీగ యెచ్చట, గుంట యెచ్చట, త్రాడు పట్టువాడెవ్వడు - అంతయు ముందుగానే చూచుకొందురు. ప్రభ ప్రయాణమునకు బాటను పరీక్షించు కన్నులతోనే సంవత్సరమునకు రెండుమారులు, అనగా కోతలకు ముందును, బడులు తెరచుటకు ముందును, బాటను పరీక్షింపుడని మేము కోరుచున్నాము. నిలిచిన లారీకిని ట్రాక్టరు తొట్టికిని వెనుక మెరిసెడు ఎర్రపట్టీ అంటించు పని ఆనాడే ముగియును.

మన సంఘనిధినుండి ఈ యేడు ఆ ఎర్రపట్టీలకును, పుస్తకములకును, ప్రథమచికిత్స నేర్పు తరగతులకును కొంత పైకము కేటాయించుటయు, ఆ పైకమును కులభేదము లేక ఆయా గ్రామ సంఘముల చేత ఖర్చు చేయించుటయు, తోటలు గల సభ్యులు రాబోవు కోతలనుండి కూలీలను పరిమితికి మించి ఎక్కించిన బండిలో రప్పింపమని ఈ సభలోనే సంతకము చేయుటయు మా కోరిక. ఈ మేరకు వ్రాసిన తీర్మానమును అధ్యక్షులవారి బల్లపై నుంచితిమి. సంతకముల కాగితము దాని క్రిందనే యున్నది.