నక్షత్రము వెదజల్లిన ధూళి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



చైత్ర బహుళపు చీకటి రాత్రులలో తొమ్మిది గంటల ప్రాంతమున, బాపట్ల చెంత సూర్యలంక తీరమున దక్షిణాభిముఖముగా నిలిచినవారికి ఆకాశపుటంచునుండి సుమారు 14 డిగ్రీల ఎత్తున, త్రిశంకు నక్షత్రములకు పడమటగా, ఒక చిన్న చుక్క కనుపట్టును. దీపకాంతి సోకని తెనాలి, రేపల్లె పొలములనుండియు దానిని చూడవచ్చును. పేరు ఈటా కెరీనే. దూరము సుమారు 7,500 కాంతి సంవత్సరములు.

1837 డిసెంబరులో దక్షిణాఫ్రికానుండి ఆకాశమును పరిశీలించుచున్న జాన్ హెర్షెల్ అది హఠాత్తుగా ప్రజ్వరిల్లుట గమనించెను. 1843 మార్చిలో మృగవ్యాధుడు తప్ప తక్కిన నక్షత్రములన్నియు దానికి తీసికట్టయ్యెను. పిమ్మట క్రమముగా సన్నగిల్లి కంటికి కానరాకపోయెను. అది ఆరిపోలేదు; తాను విసరిన ధూళియే తెరయై కప్పినది.

అట్టి మహానక్షత్రములలో వెలుపలికి నెట్టు కాంతిబలము లోనికి లాగు ఆకర్షణబలమునకు ఇంచుమించు సాటివచ్చును. కావున పైపొరలు నిలకడ తప్పుట సులభము. ఆ ప్రకోపమున కనీసము పదిమంది సూర్యులంత ద్రవ్యము వెలువడినది. వాయువు చల్లారి రేణువులుగా గట్టిపడినది. వర్ణపటమున రేఖలు జరిగిన కొలతనుబట్టి దాని వేగము సెకనుకు సుమారు 650 కిలోమీటర్లని తేలినది.

నాటి వెలుగులో కొంత సూటిగా భూమికి రాక, దూరపు ధూళిమేఘములపై బడి చుట్టుదారిన వచ్చినది. 2003 మొదలు తీసిన చిత్రములలో అది చిక్కగా, 2012లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. హెర్షెల్ కంటితో చూచిన ప్రకోపము నేటి వర్ణపటదర్శినికి దొరకినది! అయినను ఆనాటివారు తేదీలతో వ్రాసియుంచిన లెక్కలు లేకున్నచో ఆ వెలుగు ఏ ఘట్టమునకు చెందినదో పోల్చుట దుస్తరము.

ఇట్లు ద్రవ్యమును విసరు నక్షత్రములను శోధించినవారిలో హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన వైను బప్పు ఒకరు. తమిళనాటి కావలూరున 2.34 మీటర్ల దూరదర్శిని 1986 నుండి ఆయన పేర వెలయుచున్నది.

ఈ శోధన పరాయి ముచ్చట కాదు. మనుష్యులు పీల్చు ప్రాణవాయువులో అధికభాగము ఇట్టి భారీ నక్షత్రముల గర్భముననే పుట్టినది. ఈటా కెరీనే ఒకనాడు సంపూర్ణముగా విస్ఫోటించును. ఆ రాత్రి చూచినవారు తేదీ, గంట, పొరుగు చుక్కలతో వెలుగు పోలిక కాగితముపై నుంచి, ఆ కాగితమును గ్రంథాలయమున భద్రపరతురుగాక!