తర్వాతి తేదీ దాకా తోడు

 

మన థింసాలో ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఆడతాం. అలసినవాళ్లను పక్కవాళ్లే నడిపిస్తారు. క్యాన్సర్ వచ్చిన మనిషికీ అలాంటి పక్కవాళ్లు కావాలి.

రొమ్ము క్యాన్సర్‌కి నేను కీమో తీసుకున్నాను. 21 రోజులకోసారి కొండ దిగి విశాఖపట్నం వెళ్లాలి. మొదటిసారికే వాంతులు, నీరసం, జుట్టు ఊడిపోవడం. రెండోసారి వెళ్లబుద్ధి కాలేదు. అక్క సంచి సర్ది గుమ్మంలో నిలబడింది. చెల్లెలి కొడుకు, మా అమ్మ నాట్లప్పుడు పాడే పాటలు ఫోన్‌లో రికార్డు చేసి ఇచ్చాడు. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ అవే విన్నాను. పాటతో క్యాన్సర్ తగ్గదు. కానీ భయం తగ్గుతుంది. భయం తగ్గితే తర్వాతి తేదీకి బస్సెక్కుతాం. చికిత్స మధ్యలో ఆపకపోవడమే ముఖ్యం.

మీ ఊళ్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే దూరం పెట్టకండి, ఇది అంటుకోదు. దిసారి దగ్గరికి తీసుకెళ్లినా ఆసుపత్రి మందు మాన్పించకండి. తేదీలు మీరు గుర్తుపెట్టుకోండి, తోడు వెళ్లండి. కీమో తీసుకున్నవాళ్లలో ఇన్‌ఫెక్షన్‌ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఊడిన జుట్టు నాకు మళ్లీ వచ్చింది. హాస్టల్లో పిల్లలే జడ వేస్తున్నారు.

ఈ సెలవుల్లో మీ అవ్వల పాటలు, మన భాషలోనే, రికార్డు చేసి దాచండి. ఎవరికి ఏ రోజు అవసరపడతాయో చెప్పలేం.