రంగును పట్టే మన్ను

పూర్వం మన పల్లెల్లో ఏటికి కొత్తనీరు వచ్చినప్పుడు గృహిణులు ఒక ఉపాయం చేసేవారు. చిల్లగింజను కుండ లోపలి వైపున అరగదీసి, అందులో బురదనీరు పోసి ఉంచేవారు. కొంతసేపటికి మన్ను అడుగుకు చేరి, పైన తేటనీరు నిలిచేది. ఇందులో మంత్రమేమీ లేదు. చిల్లగింజలో పొడవైన గొలుసులవంటి బృహదణువులు ఉన్నవి. అవి నీటిలో తేలియాడే మట్టిరేణువులను ఒకదానితో ఒకటి ముడివేసి, బరువెక్కించి, కిందికి దింపుతవి. ఇట్టి గొలుసు అణువులనే రసాయన శాస్త్రజ్ఞులు పాలిమర్లు అంటారు. మన్నుకూ పాలిమరుకూ గల ఈ పాత స్నేహాన్ని శాస్త్రజ్ఞులు ఇప్పుడు మరొక పనికి వినియోగించ జూస్తున్నారు. అద్దకపు నీటిలో మిగిలిపోయిన రంగును పట్టుకొనే పని అది.

తొట్టిలో కలిపిన రంగంతా బట్టకు పట్టదు. బట్ట తనకు చాలినంత గ్రహించి, తక్కినది నీటిలోనే విడిచిపెడుతుంది. కలంకారీ పనిలో బట్టను పారే నీటిలో జాడించడం ముఖ్యమైన ఘట్టం. పెడన అయినా, శ్రీకాళహస్తి అయినా ఇది తప్పదు. కరక్కాయ, పటిక, ఇనుపతుప్పును బెల్లపు నీటిలో ఊరవేసిన కసిమి, ఇవన్నీ కొద్దికొద్దిగా ఆ నీటిలో కలుస్తవి. చెట్టునుండి వచ్చిన రంగే గదా, హాని ఏమున్నదని మనం తృప్తి పడుతూ ఉంటాము. ఆ తృప్తి సగమే న్యాయమైనది. ఏ రంగైనా చిక్కబడితే నీటిలోని మొక్కలకు సూర్యరశ్మి అందదు. రంగు వెంట పటిక, ఇనుము కూడా పోతవి. నీరు చెడితే ముందుగా నష్టపోయేది అద్దకపు పనివారే. తేటనీరు లేనిదే వారి రంగు తేలదు.

ఒలికిన సిరాను సుద్దముక్క లోపలికి పీల్చుకోవడం శోషణం. అద్దంపై ధూళి నిలిచినట్లు పై తలానికి మాత్రమే అంటుకోవడం అధిశోషణం. ఇందుకు విశాలమైన తలం కావాలి. మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చడం రైతులెరిగినదే. అందులోని మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం పుస్తకపు పుటలవలె పలుచని పొరలుగా ఉండి, నడుమ నీటికి చోటిస్తుంది. ఆ పుటలన్నీ విప్పి పరచగలిగితే ఒక్క గ్రాము ఖనిజానికి సుమారు 750 చదరపు మీటర్ల తలం లెక్కకు వస్తుంది.

అయితే ఆ పొరలది ఋణావేశం. అందుచేత ధనావేశం గల రంగులనే అవి సులభంగా ఆకర్షిస్తవి. మ్రానిపసుపులోని బెర్బెరిన్ అట్టిది. ఋణావేశం వహించే రంగులను అవి దరిచేరనీయవు. ఇక్కడ పాలిమర్ సాయం అవసరమవుతుంది. రొయ్యల పెంకులనుండి తీసే కైటోసాన్ కొంచెం పులుపు తగిలిన నీటిలో ధనావేశం పొందుతుంది. దానిని మన్నుతో కలిపితే రెండు జాతుల రంగులకూ ఆశ్రయం దొరుకుతుంది. పైగా ఒకరి లోపాన్ని ఒకరు కప్పుకొంటారు. మన్ను ఒక్కటే అయితే నీటిలో చెదరిపోయి వడకట్టనీయదు; కైటోసాన్ ఒక్కటే అయితే పులుపు నీటిలో కరిగిపోతుంది. రెండూ కలిసినప్పుడు గట్టి గుళికలై అడుగుకు దిగుతవి.

మన్ను పట్టిన రంగు ఎంతకాలం నిలుస్తుందో మెక్సికో దేశపు మాయా జాతి చిత్రాలు చెబుతవి. బొనంపాక్ ఆలయ కుడ్యాలపై క్రీ.శ. 8వ శతాబ్దపు చివర వేసిన నీలివర్ణం నేటికీ కనబడుతున్నది. గాఢమైన ఆమ్లాలకు సైతం అది చెక్కుచెదరదు. నీలిమందును పాలిగోర్‌స్కైట్ అనే బంకమన్నుతో కలిపి వేడిచేస్తే అటువంటి వర్ణమే వస్తుందని 1966లో వాన్ ఓల్ఫెన్ ప్రయోగపూర్వకంగా చూపినాడు.

ఇంతటితో సమస్య తీరినదనుకోరాదు. ప్రయోగశాలలోని శుద్ధమైన నీటికీ, పటికా ఉప్పూ కలిసిన అద్దకపు తొట్టికీ భేదం ఉన్నది. ఆ లవణాలు రంగుతో పోటీపడి మన్నుపై చోటు ఆక్రమిస్తవి. మరొక మాట. రంగు పట్టిన మన్నును ఏటిగట్టున పారబోస్తే, నీటి దోషాన్ని నేలకు అంటగట్టినట్లే గదా! దానినుండి రంగును తిరిగి రాబట్టాలి. లేదా మాయా చిత్రకారులవలె ఆ మన్నునే వర్ణంగా వాడుకోవాలి. అప్పుడే పని పూర్తయినట్లు.

మన గృహిణులు చిల్లగింజతో నీటిలోని మన్నును దింపినారు. నేడు ఆ మన్నే నీటిలోని రంగును దింపవలసి ఉన్నది. బట్టకు అందం తెచ్చిన రంగు ఏటికి భారం కాకుండా చూడడం ఆ బట్ట కట్టుకొనే మన బాధ్యత కూడాను.